మగ్గం ఎవరిది, మేను ఎవరిది



దసరా పోయి దీపావళి వచ్చిందంటే ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరుతాయి. ఇప్పుడు ఎడ్లబండ్లు తగ్గినయి, ట్రాక్టర్లూ వ్యాన్లూ పెరిగినయి గాని, ఆ తెల్లటి గుట్టలు మాత్రం అవే. మన నల్లరేగడికీ పత్తికీ ఉన్న బంధం అంత పాతది. అయితే ఆ బండ్ల మీద ఉన్న పత్తి పుట్టిల్లు మాత్రం ఇది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో దేశం. శాస్త్రవేత్తలు గాసిపియం హిర్సూటం అని పిలిచే ఈ జాతిని వేల ఏళ్ల కింద అడవిలోంచి చేనులోకి తెచ్చుకున్నది అక్కడి మూలవాసులు. ఇవాళ ప్రపంచంలో పండే పత్తిలో నూటికి తొంభై పాళ్లు ఈ జాతిదే. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చిన తర్వాత మన చేన్లలో ఇంకో పత్తి కనిపించడమే అరుదైంది.

మన తాతలు వేసింది వేరే పత్తి. గావరాణి అనేవాళ్లు. అది ఈ దేశపు జాతి, గాసిపియం ఆర్బోరియం. నాందేడ్ నుంచి ఆదిలాబాద్ దాకా నిజాం రాజ్యంలో దానికి మంచి పేరుండేది. ఇంకో విచిత్రం వినండి. అమెరికా పత్తి పుట్టుకలో సగం వంశం మన పత్తి దాయాదులదే. మనిషి పుట్టకముందే, లక్షల ఏళ్ల కింద, ఈ పక్క గింజ ఎట్లాగో సముద్రం దాటి అక్కడి అడవి పత్తితో కలిసింది. మన దేశవాళీ పత్తికి 26 క్రోమోజోములుంటే దానికి 52 ఉండటం అందుకే.

సరే, పత్తి సంగతి ఇదైతే, ఆ పత్తిని మొట్టమొదట వడికి, నేసి, కట్టుకున్న మనుషుల సంగతేమిటి? వాళ్ల బట్టల గురించి మాట్లాడుకుందాం. వాళ్ల గురించి మాట్లాడితే మన బట్టల గురించి కూడా మాట్లాడక తప్పదు.

మెక్సికో దక్షిణ భాగం, దాని కింద గ్వాటెమాలా. అక్కడ ఉండేది మాయా ప్రజలు. వాళ్ల మగ్గం చూస్తే మన పద్మశాలీ పెద్దమనిషి నవ్వుతాడేమో. ఇదేం మగ్గం, నాలుగు కట్టెలు, రెండు తాళ్లు అంటాడు. నిజమే, అది అంతే. పడుగు ఒక కొసను చెట్టుకో ఇంటి గుంజకో కడతారు. రెండో కొస ఒక పట్టీతో నేసే మనిషి నడుముకు ఉంటుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని కొంచెం వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. మన గుంట మగ్గంలో బిగువును దూలం, తాడు, మోకు చూసుకుంటాయి. అక్కడ ఆ పని అంతా నడుముదే. అందుకే ఆ బట్టను ఇద్దరు పంచుకుని నేయలేరు. ఒకరి బిగువు ఇంకొకరికి రాదు. పని అయిపోయాక కట్టెలతో సహా చుట్టి మూల పెట్టేయొచ్చు. పొయ్యి మీద కుండ పెట్టి వచ్చి నాలుగు పోగులు నేసి, పిల్ల ఏడిస్తే లేచి పోవచ్చు.

మన గుంట మగ్గం అట్లా కదిలేది కాదు. ఇంట్లో ఒక గదిని అదే మింగేస్తుంది. నేతగాడు గుంటలోకి కాళ్లు దించి, కింద పావళ్లు తొక్కుతూ, నాడె విసురుతూ కూర్చుంటాడు. గుంటలో చెమ్మ ఉంటుంది కాబట్టి పోగు తెగదు. ఒక మామూలు నూలు చీర రెండు మూడు రోజుల్లో దిగుతుంది. మాయా ఆడమనిషికి తన పై వస్త్రం ఒకటి నేయడానికి నెలలు పడుతుంది. వేగంలో ఆ మగ్గం మన మగ్గానికి సాటి రాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు దీనితో పనుంది.

ఒక్క విషయంలో మాత్రం రెండు మగ్గాలూ అక్కాచెల్లెళ్లే. రెండింటి మీదా దిగే బట్టకు కత్తెర పని లేదు. నడుము మగ్గం మీద నేసిన బట్టకు నాలుగు వైపులా అంచే ఉంటుంది. పడుగు పోగు కొసకు వెళ్లి కట్టెను చుట్టి తిరిగి వస్తుంది కాబట్టి తెగ్గోయాల్సిన పోగంటూ ఉండదు. అట్లాంటి ముక్కలు రెండో మూడో పక్కపక్కన పెట్టి కుడతారు, తల దూరడానికి సందు వదులుతారు. అదే వీపిల్. మాయా ఆడవాళ్ల పై వస్త్రం పేరు అది. మన చీర, దోతి, కండువా కూడా మగ్గం దిగిన ఆకారంలోనే మేనికెక్కుతాయి. ధర్మపురిలో గోదావరి స్నానం చేసి, తడిబట్ట మీదే నరసింహస్వామి గుడి మెట్లు ఎక్కేవాళ్ల ఒంటి మీద ఉండేది ఆ కుట్టులేని బట్టే. స్వామివారి కల్యాణానికి తెచ్చే పట్టువస్త్రాల మీద కూడా సూది ఆడదు. కుట్టిన బట్ట మడికి పనికి రాదని మన పెద్దవాళ్లు అనేది వేరే కారణంతో కావచ్చు గాని, మగ్గం నుంచి దిగిన బట్టను ముక్కలు చేయడానికి చేయి రాకపోవడం అన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

స్పెయిన్ వాళ్లు మెక్సికోను ఆక్రమించుకున్న ఇరవై ఏళ్లకు, 1541 ప్రాంతంలో, అక్కడి ఇంకో మూలవాసులైన అజ్టెక్ చిత్రకారులతో ఒక బొమ్మల పుస్తకం వేయించారు. కోడెక్స్ మెండోసా అంటారు. అందులో పిల్లలను ఎట్లా పెంచేవారో వయసు ప్రకారం బొమ్మలున్నాయి. నాలుగేళ్ల ఆడపిల్లకు తల్లి కదురు చూపిస్తూ ఉంటుంది. పద్నాలుగేళ్లకు ఆ పిల్ల నడుముకు మగ్గం కట్టుకుని కూర్చుంటుంది. పక్కన, ఆ పూటకు ఆ పిల్ల తినాల్సిన మొక్కజొన్న రొట్టెలు ఎన్నో కూడా గీశారు. చదువు, తిండి, నేత ఒకే పేజీలో.

గ్వాటెమాలాలో ఊరికో వీపిల్ ఉంది. రంగు, గీత, పువ్వు, పిట్ట, వీటిని బట్టి ఇది ఫలానా ఊరు అని చెప్పేస్తారు. చిచికాస్తెనాంగో వీపిల్ వేరు, నెబాహ్ వీపిల్ వేరు. అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాంతియాగో అని ఒక ఊరుంది. అక్కడి ఆడవాళ్లు బారలకొద్దీ పొడుగున్న సన్నటి పట్టీని తల చుట్టూ తిప్పి తిప్పి వెలుగు చక్రంలా కట్టుకుంటారు. గ్వాటెమాలా 25 సెంటావోల నాణెం మీద కనిపించే ముఖం ఆ ఊరి అమ్మాయిది, ఆ తలపట్టీతోనే. ఒక చిన్న ఊరి తలగుడ్డ దేశం మొత్తం జేబుల్లో తిరుగుతోంది.

అదే దేశంలో ఆ బట్ట ప్రాణం మీదికి తెచ్చిన రోజులు కూడా ఉన్నాయి. 1960 నుంచి 1996 దాకా అక్కడ అంతర్యుద్ధం. రెండు లక్షల మంది చనిపోయారని లెక్క. అందులో ఎక్కువమంది మాయా ప్రజలే. 1980ల మొదట్లో సైన్యం ఊళ్లకు ఊళ్లే తగలబెట్టింది. పారిపోయి పట్నాలు చేరిన ఆడవాళ్లు తమ ఊరి వీపిల్ విప్పి దాచేశారు. ఒంటి మీది బట్టే ఏ ఊరో చెప్పేస్తే, ఆ ఊరు సైన్యం జాబితాలో ఉంటే, ఇంక దాక్కునేదెక్కడ? వేరే ఊరి బట్ట కట్టుకున్నవాళ్లున్నారు, మామూలు గౌను తొడుక్కున్నవాళ్లున్నారు. ఆ యుద్ధంలోనే తల్లినీ తండ్రినీ తమ్ముణ్ణీ పోగొట్టుకున్న రిగొబెర్తా మెన్చూకు 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ ప్రపంచంలో ఏ సభకు వెళ్లినా ఆమె వీపిల్‌లోనే కనిపిస్తుంది. దాని అర్థం ఆమె దేశంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర లేదు.

వీపిల్ కింద కట్టుకునే చుట్టు లంగాను కోర్తె అంటారు. తమాషా ఏమంటే కోర్తెను నేసేది ఎక్కువగా మగవాళ్లు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన కాలి మగ్గం మీద, అమ్మకానికి. అంటే ఒకే ఆడమనిషి ఒంటి మీద పైది తన చేతి నేత, కిందిది బజారు సరుకు. ఆ కోర్తెల మీద ఉండే పని చూస్తే పోచంపల్లి వాళ్లు లేచి నిలబడతారు. నూలు పోగులను కట్టలు కట్టి, అక్కడక్కడ బిగించి ముడులేసి, రంగులో ముంచి, విప్పి నేస్తారు. అచ్చం మన చిటికి పనే. వాళ్లు హస్పే అంటారు. సల్కహా అనే ఊరు దానికి పెట్టింది పేరు. పెరూ తీరంలో స్పెయిన్ వాళ్లు రాకముందే ఈ పని ఉండేదనడానికి సమాధుల్లో దొరికిన బట్టలే సాక్ష్యం. ముడి వేసిన చోట రంగు ఎక్కదన్న సంగతి ఇంకొకరు వచ్చి నేర్పాల్సింది కాదు. చూసే కన్నుంటే చాలు.

చిటికి మాట వచ్చింది కాబట్టి ఆసు గురించి ఒక్క ముక్క. చీర నేయకముందు పేక నూలును మేకుల చుట్టూ తిప్పి పోయడం ఆసు పోయడం. ఒక చీరకు చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఆడవాళ్లది. భుజం పట్టేసిన తన తల్లిని చూసి ఆలేరు దగ్గర శారాజీపేట యువకుడు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, ఆయన మీద సినిమా కూడా వచ్చింది. మన నేతలో మగ్గం మీద కూర్చున్నవాడి పేరు బయటికి వచ్చింది గాని, ఆసు పోసి, కండెలు చుట్టి, గంజి పట్టించిన ఇల్లాలి పేరు ఎప్పుడూ రాలేదు. ఆ తల్లి భుజం నొప్పి వల్ల అది కొంచెం బయటికొచ్చింది.

ఇంక దక్షిణ అమెరికా. ఆండీస్ కొండల నేత గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి, తొందరగా దాటేస్తాను. పెరూలో వాకా ప్రియెటా అనే చోట దొరికిన నూలు ముక్కలకు నీలిమందు రంగు ఉందని 2016లో తేల్చారు. వాటి వయసు ఆరు వేల ఏళ్లు. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన నీలి అద్దకంలో అంతకంటే పాతది లేదు. పరాకాస్ ఎడారిలో 1927లో బయటపడ్డ శవాల చుట్టూ చుట్టిన శాలువలకు రెండు వేల ఏళ్లయినా రంగు తగ్గలేదు. అక్కడి ‘ఇంకా’ వంశపు చక్రవర్తులు పన్ను కింద బట్ట వసూలు చేసేవాళ్లు, సైనికులకు బట్టే ఇచ్చేవాళ్లు. 1781లో తూపాక్ అమారు తిరుగుబాటును అణిచి ఆయన్ను కూస్కో నడిబజారులో చంపిన స్పెయిన్ అధికారులు, ఆ తీర్పులోనే ఇంకా రాజుల నాటి దుస్తులు ఎవరూ వేసుకోకూడదని రాశారు. మనిషిని చంపి ఊరుకోలేదు, అంగీని కూడా నిషేధించారు. టిటికాకా సరస్సులో తకీలే అనే దీవిలో ఇప్పటికీ ఆడవాళ్లు నేస్తారు, మగవాళ్లు టోపీలు అల్లుతారు. పెళ్లయిన మగవాడి టోపీ వేరు, కానివాడిది వేరు. 2005లో యునెస్కో ఆ దీవి నేతకు గుర్తింపునిచ్చింది.

అమెరికా మూలవాసుల ఎరుపు రంగు ఒక పురుగుది. నాగజెముడు మొక్క మీద బతికే కొచినీల్ పురుగును ఎండబెట్టి నూరితే నిప్పులాంటి ఎరుపు వస్తుంది. మెక్సికో నుంచి స్పెయిన్‌కు వెళ్లిన సరుకుల్లో వెండి తర్వాత ఖరీదైంది అదే. మన దగ్గర ఎరుపుకు చిరివేరు, లక్క ఉండేవి. కొచినీల్ లాభం చూసి ఈస్టిండియా కంపెనీ వాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మద్రాసులో ఆ పురుగును పెంచాలని నాగజెముడు నాటారు. పురుగు సరిగ్గా నిలవలేదు, ముళ్ల చెట్టు మాత్రం నిలిచింది. మన చేన్ల గట్ల మీద, పాత కోట గోడల మీద కనిపించే నాగజెముడు అమెరికా చెట్టే. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు కూడా మెక్సికోదే. అక్కడివాళ్లు చనిపోయిన పెద్దల పండుగకు ఆ పువ్వే పెడతారు.

ఇక మన గోదావరి ఒడ్డుకు వద్దాం. అమెరికా మూలవాసుల బట్టల గురించి విన్నాక ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటుంది. మన మూలవాసుల సంగతేమిటి? గోదావరి దాటితే ఆదిలాబాద్ గోండులున్నారు, కొలాములున్నారు, పర్ధాన్లున్నారు. వాళ్ల చేతినేత బట్ట ఏది?

జవాబు కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. గోండులు నేతగాళ్లు కారు. వ్యవసాయం వాళ్లది, పశువులు వాళ్లవి, పత్తి కూడా పండిస్తారు. ఇత్తడి బొమ్మలు, గంటలు పోసేది వోజులు. వంశగాథలు పాడేది పర్ధాన్లు. బట్ట మాత్రం బయటి నుంచే రావాలి, అంగట్లో కొనాలి. 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాసిన హైమెన్‌డార్ఫ్ పుస్తకాల్లో గోండు ఇంట్లో మగ్గం కనిపించదు. గోండుల గుర్తింపు నేతలో లేదు, కట్టులో ఉంది. పుష్య అమావాస్య నాడు జరిగే కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లను ఝరిలో మోసుకుంటూ కాలినడకన వస్తారు. మగవాళ్లు తెల్ల దోతి, తెల్ల తలపాగా. ఆ రాత్రి దేవుడికి పరిచయమయ్యే కొత్త కోడళ్లు ముఖం కనిపించకుండా తెల్ల చీర కప్పుకుంటారు. ఆ తెలుపు వాళ్లది, ఆ కట్టు వాళ్లది. గుస్సాడీ ఆడేవాడి నెమలి ఈకల కిరీటం వాళ్లది. పోగు మాత్రం ఇంకొకరిది.

ఆ ఇంకొకరు ఎవరు? మంచిర్యాల, చెన్నూరు, మంథని, పెద్దపల్లి చుట్టుపక్కల నేతకాని కులంవాళ్లున్నారు. పల్లె జనానికి ముతక గుడ్డ నేసిచ్చింది వాళ్లు. సన్ననూలు, చీర, పంచె పద్మశాలీలవి. వీళ్లు నేస్తే గోండులు కట్టారు. ఇక్కడే మనకూ మాయా వాళ్లకూ దారి వేరైంది. అక్కడ నేసే చేయి, కట్టే మేను ఒకరివే. ఇక్కడ నేసేవాడొకడు, కట్టేవాడొకడు, నడుమ అంగడి. ఆ పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గోల్కొండ రాజ్యం బట్ట బందరు రేవు నుంచి లోకమంతా తిరిగిందంటే ఈ పద్ధతి వల్లే. మూడు రోజులకో చీర దించే చేయి లక్షలమందికి బట్ట కట్టింది. నెలలు పట్టే వీపిల్‌తో ఆ పని కాదు.

కాని అంగడి నడుమ ఉంటే అంగడి మారినప్పుడు ఏమవుతుంది? రైలు వచ్చింది, మిల్లు బట్ట వచ్చింది. 1934లో వరంగల్‌లో నిజాం ప్రభుత్వమే ఆజంజాహి మిల్లు పెట్టింది. ముతక గుడ్డ నేసే నేతకాని మగ్గం మీద మొదటి దెబ్బ పడింది, ఎందుకంటే మిల్లు ముందు చవక బట్టే నేస్తుంది. ఆ కుటుంబాలు పొలం కూలికి పోయాయి, కొందరు బొగ్గు బావుల్లోకి దిగారు. గోండు మనిషికి ఏ నష్టమూ లేదు. నిన్న ముతక పంచె కొన్నాడు, నేడు మిల్లు పంచె కొన్నాడు, కట్టు అదే. కట్టేవాడి ఆచారం నిలిచింది, నేసేవాడి బతుకు నిలవలేదు. అదే గోండు ఇల్లాలే నడుముకు మగ్గం కట్టుకుని నేసి ఉంటే కథ ఇట్లా నడిచేదా అని నాకు అనుమానం.

పద్మశాలీలు ఇంకో దారి పట్టారు. కరీంనగర్ పల్లెల నుంచి షోలాపూర్, భివండి, బొంబాయి పోయారు. అక్కడ మరమగ్గం నేర్చారు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చాయి. ఇవాళ సిరిసిల్ల అంటే చెవులు గింగిర్లెత్తే సాంచాల చప్పుడు, ఆసాములు, బీములు, పాలిస్టర్ గుడ్డ. అప్పులతో, ఆర్డర్లు లేక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు మనం చదివాం. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చాక కొన్నేళ్లు సాంచాలకు చేతినిండా పని దొరికింది. అదే సిరిసిల్లలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి చూపించాడు. అగ్గిపెట్టెలో చీర పట్టించగల చేయి ఉన్న ఊరు ప్రభుత్వం ఆర్డరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సి రావడం నాకు మింగుడు పడదు.

ఈ నేత విద్య ఎక్కడిదంటే పురాణంలోకి పోవాలి. ధర్మపురికి వస్తే యమపురి లేదంటారు. మా ఊళ్లో యమధర్మరాజుకు గుడి ఉంది. యముణ్ణి గెలిచిన మార్కండేయుడు పద్మశాలీల మూలపురుషుడు. ఆయన వంశంలోని భావనా ఋషి తామర తూడు నుంచి నారలు తీసి దేవతలకు బట్ట నేశాడని వాళ్ల పురాణం. అమెరికాలో నవాహో ప్రజలకు నేత నేర్పింది సాలెపురుగు అమ్మ. మాయా వాళ్లకు ఇష్చెల్ దేవత. ఎక్కడైనా బట్ట నేయడం దేవుడి దగ్గర నేర్చిన విద్యే.

నవాహో వాళ్ల మాట వచ్చింది కాబట్టి గొంగడి దగ్గరికి వద్దాం. గోండులకు సొంత నేత లేదన్నాను గాని, ఈ గడ్డ మీద నేసే చేయీ కట్టే మేనూ ఒకటిగా ఉన్న బట్ట ఒకటుంది. అది కురుమల గొంగడి. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని వాళ్ల మందదే. ఏడాదికి రెండు సార్లు కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికి, చింతగింజల గంజి పట్టించి, మగవాళ్లు నేసేది. రంగు అద్దాల్సిన పని లేదు, గొర్రె నలుపే బట్ట నలుపు. వానలో కొప్పెర పెట్టుకుంటే చుక్క లోపలికి దిగదు, చలిలో కప్పుకోవచ్చు, రాత్రి మంద దగ్గర పరుచుకోవచ్చు. బీరప్ప దగ్గర, మల్లన్న దగ్గర పరిచేది గొంగడే. గద్దర్ భుజం మీద గొంగడి చూడనివాళ్లు తెలంగాణలో ఉండరు.

మరి నేసేవాళ్లే కట్టుకునే ఈ గొంగడి కూడా ఎందుకు తగ్గిపోయింది? ఈ ప్రశ్న నా వాదాన్ని కొంచెం ఇరకాటంలో పెడుతుంది. మగ్గం దగ్గర ఏ తప్పూ లేదు. గొర్రె మారింది. మాంసానికి ధర పెరిగిన కొద్దీ ఉన్ని లేని, ఎత్తుగా పెరిగే నెల్లూరు గొర్రెను మందల్లోకి తెచ్చారు. బ్యాంకు అప్పు దానికే, పథకం దానికే. దక్కనీ గొర్రె దాంతో కలిసిపోయి ఉన్ని పోయింది. ఉన్ని పోయాక రాట్నం ఎందుకు, మగ్గం ఎందుకు?

సరిగ్గా ఇదే కథ అమెరికాలో నవాహో వాళ్లది. చుర్రో అని వాళ్ల గొర్రె. పొడుగు ఉన్ని, జిడ్డు తక్కువ, చేత్తో వడకడానికి వీలు. 1864లో సైన్యం వాళ్లను సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి బందిఖానాలో పెట్టింది, మందలను నరికింది. నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చి మళ్లీ మంద కట్టుకున్నారు. 1930ల్లో గడ్డి చాలదంటూ ప్రభుత్వమే లక్షల గొర్రెలను చంపించింది. దానికి ముందూ తర్వాతా అధికారులు చెప్పిన సలహా ఒకటే: మేలు జాతి గొర్రెను పెంచండి. ఆ మేలు జాతి ఉన్ని పొట్టి, జిడ్డు, నీళ్లు లేని ఆ ఎడారిలో కడగలేరు, చేత్తో వడికితే ఉండలు కడుతుంది. మేలు ఎవరికి అన్నది ఎవరూ అడగలేదు. 1977లో ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు లైల్ మెక్‌నీల్ కొండసందుల్లో మిగిలిన చుర్రో గొర్రెలను వెతికి వెతికి కూడబెట్టి మళ్లీ మందలు కట్టించే పని మొదలుపెట్టాడు. ఇప్పుడు నవాహో ఇళ్లకు ఆ ఉన్ని తిరిగి వస్తోంది. మన దక్కనీ గొర్రె కోసం కూడా పాటుపడుతున్నవాళ్లు తెలంగాణలో ఉన్నారు. వాళ్ల పని వినడానికి చిన్నది. ఉన్ని ఉన్న పొట్టేళ్లు ఎవరి మందలో మిగిలాయో వెతకడం.

నడుము మగ్గం చూడటానికి గ్వాటెమాలా దాకా పోనక్కర లేదు సుమా. నాగాలాండ్, మణిపూర్, అరుణాచల్‌లో ఆడవాళ్లు ఇప్పటికీ అదే మగ్గం నడుముకు కట్టుకుంటారు. తమ తెగ శాలువను తామే నేస్తారు. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మంది చేనేత పనివాళ్లు తేలారు. అందులో నూటికి 72 మంది ఆడవాళ్లు. ఆ లెక్కలో పెద్ద భాగం ఈశాన్య రాష్ట్రాలదే, చాలామంది ఇంటి వాడకానికే నేస్తారు. మన వైపు చేనేత అంటే మగవాడి వృత్తి, కుల వృత్తి అనుకుంటాం. దేశం లెక్క చూస్తే అది తలకిందులు.

చివరగా కోర్టు సంగతి. మాయా వీపిల్ మీది పువ్వును విదేశీ కంపెనీలు చేతిసంచుల మీద, చెప్పుల మీద అచ్చేసి అమ్ముకోవడం మొదలుపెట్టాయి. 2016లో గ్వాటెమాలా నేత మహిళలు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. ఈ పువ్వు ఒక మనిషి సొత్తు కాదు, ఊరి సొత్తు, దానికి చట్టం కావాలన్నారు. న్యాయస్థానం 2017లో పార్లమెంటుకు ఆ మాట చెప్పింది. మన దగ్గర అట్లాంటి పనికి భౌగోళిక గుర్తింపు చట్టం ఉంది. 2003లో అది అమల్లోకి వచ్చిన కొత్తలోనే పోచంపల్లి చిటికి పని ఆ పట్టికలోకెక్కింది. తర్వాత గద్వాల, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ, పుట్టపాక తేలియా రుమాలు వచ్చాయి. చట్టం ఉన్నా నకిలీ ఆగిందా అంటే లేదు. సూరత్ మిల్లు అచ్చు పోచంపల్లి పేరుతో మన బజార్లోనే అమ్ముడవుతోంది. గ్వాటెమాలా బజార్లలో వీపిల్ ఫొటోను పాలిస్టర్ మీద అచ్చేసిన రవికెలు అసలు వీపిల్ ధరలో పదో వంతుకు దొరుకుతున్నాయి. కొనేది ఎక్కువగా మాయా ఆడవాళ్లే. చేతిలో ఉన్న డబ్బు అంతే మరి, వాళ్లను తప్పుపట్టడానికి మనమెవరం?

అసలుదీ నకిలీదీ తేల్చుకోవడానికి రెండు చోట్లా ఒకటే పరీక్ష. బట్ట తిరగేసి చూడండి. చిటికి పనిలో రంగు పోగుకే ఎక్కి ఉంటుంది కాబట్టి లోపలి వైపూ బయటి వైపూ పువ్వు ఒకే తీరుగా కనిపిస్తుంది. అచ్చు గుడ్డకు వెనక వైపు వెలవెలబోతుంది. అచ్చు వీపిల్‌కు అయితే వెనక ఉత్త తెలుపే. ఈసారి దుకాణంలో గుమస్తా చీర విప్పి పరిచినప్పుడు, కొంగు చూపించకముందే వెనక వైపు చూపించమనండి.